ఎలివేషన్ సరే, సెక్షన్ ఏదీ?

(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన నెల ఈ శీర్షికలో ఒక విన్నపం చేశాను. ఇల్లయినా గుడయినా కోటయినా, కట్టడం ఫొటో ఎక్కడ పెట్టినా అందులో ఏముందో నాలుగు మాటలు రాయండి, చూపు లేనివాళ్ల ఫోనూ కంప్యూటరూ ఆ మాటల్ని పైకి చదివి వినిపిస్తాయి అని. దానికి చాలా ఉత్తరాలొచ్చాయి. కొన్ని మా మేనల్లుడు చదివి వినిపించాడు, కొన్ని ఫోనే చదివింది. కొత్తగా చదివేవారికి నా సంగతి ఒక్క ముక్క: తిరుపతిలో ఒక ఇంజనీరు గారి ఆఫీసులో పన్నెండేళ్లు ప్లాన్లు గీశాను. నీటికాసుల జబ్బుతో (గ్లకోమా) ముప్ఫై ఆరో ఏట చూపు పోయింది. ఇప్పటికీ ఎవరింట్లో అడుగు పెట్టినా ముందు మనసులో ప్లాను పడుతుంది.

ప్రశ్న: అక్కా, నేను ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం. మా ప్రాజెక్టు చంద్రగిరి రాజమహల్. పద్నాలుగు ఫొటోలు, రెండు డ్రాయింగులు ఉన్నాయి. అన్నిటికీ వర్ణనలు రాయమన్నారు మా మేడమ్. ‘చంద్రగిరి రాజమహల్, చారిత్రక వైభవానికి ప్రతీక అయిన సుందర దృశ్యం’ అని రాస్తే పనికిరాదన్నారు. మరేం రాయాలి? ఇంకో మాట. మా క్లాసులో ఒకతను ‘కళ్లు లేనివాళ్లు బిల్డింగు ఫొటో ఏం చేసుకుంటారు’ అన్నాడు. నాకు జవాబు తోచలేదు.
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అమ్మణ్ణీ, ముందు ఆ రెండో మాట సంగతి చూద్దాం. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర క్రిస్ డౌనీ అని ఒక ఆర్కిటెక్ట్ ఉన్నాడు. 2008లో మెదడులో కణితికి ఆపరేషన్ అయ్యాక ఆయనకు చూపు పూర్తిగా పోయింది. పని మాత్రం మానలేదు. ప్లాన్లను గీతలు ఉబ్బెత్తుగా వచ్చేలా ప్రింటు తీయించి వేళ్లతో చదువుతాడు. వాటి మీదే మైనపు పుల్లలు వంచి అంటించి తన మార్పులు చూపిస్తాడు. చూపు పోయిన మాజీ సైనికుల కోసం పాలో ఆల్టోలో కట్టిన కేంద్రానికి సలహాలిచ్చింది ఆయనే. ఈ సంగతి నాకు పని మానేసిన ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు. ముందే తెలిసుంటే ప్లాన్లు గీసే నా టీ-స్క్వేర్‌ను నా చేత్తోనే పక్కింటి పిల్లాడికి ఇచ్చేసేదాన్ని కాదు.

మీ క్లాసతనికి ఇది చెప్పు. కట్టడాన్ని కంటితో చూసేది బయట నిలబడ్డప్పుడు. లోపలికి వెళ్లాక కాళ్లు చూస్తాయి, చేతులు చూస్తాయి, చెవులు చూస్తాయి. అక్కడ మేమూ ఉంటాం.

ఇక నీ వాక్యం. అది హంపికీ సరిపోతుంది, గోల్కొండకీ సరిపోతుంది. నీకేం అనిపించిందో అందులో ఉంది, ఏం కనిపించిందో లేదు. కనిపించింది నువ్వు చెప్పు, అనిపించడం నా వంతు.

ఒక సంగతి చెప్తాను. రెండేళ్ల కిందట మేము ఇల్లు మారాల్సి వచ్చింది. మా మేనల్లుడు ఒక అద్దె ఇల్లు చూసి ఫొటోలు పంపాడు. ఫోన్ ‘ఇమేజ్’ అని ఊరుకుంది. ఎలా ఉందిరా అంటే, ‘సూపరుంది అత్తా, కొత్త ఎలివేషన్, ముందంతా గ్లాసు, స్పాట్‌లైట్లు’ అన్నాడు. సరే, లోపలికి ఎలా పోవాలిరా అన్నాను. అప్పుడు మొదలుపెట్టాడు: ‘కాలువ మీద బండ ఉందత్తా, అది దాటితే మూడు మెట్లు. మూడోది మిగతా రెండిటికన్నా ఎత్తు. పట్టుకోడానికి పక్కన ఏమీ లేదు. గడప జానెడుంది. గడప దాటగానే మళ్లీ ఒక మెట్టు కిందికి దిగాలి.’

ఆ చివరి మాటకు నా ఒళ్లు జలదరించింది. గడప దాటాక నేల కిందికి ఉంటుందని కాలు అనుకోదు. ఆ ఇంట్లో దిగిన మొదటి రోజే పడేదాన్ని.

వాడు ముందు చెప్పింది ఎలివేషన్. తరవాత చెప్పింది సెక్షన్. ఈ మాటలు తెలియనివారి కోసం: ఎలివేషన్ అంటే కట్టడం ముఖం, ఎదురుగా నిలబడితే కనిపించేది. ప్లాను అంటే కప్పు తీసేసి పైనుంచి చూస్తే ఏ గది ఎక్కడుందో తెలిపే బొమ్మ. సెక్షన్ అంటే కట్టడాన్ని కేకులాగా నిలువునా కోసి పక్క నుంచి చూడటం. నేల ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, మెట్టు ఎంత ఎత్తు, కప్పు ఎంత పైన ఉంది అన్నీ అందులో తెలుస్తాయి. మా ఆఫీసులో మున్సిపాలిటీకి పంపే ప్రతి షీటు మీదా ఈ మూడూ ఉండాల్సిందే. ఫొటోకి వర్ణన రాసేవాళ్లు మాత్రం ఎలివేషన్ ఒక్కటే రాసి ఆపేస్తున్నారు. నాకు మూడూ కావాలి. నాకే కాదు, చక్రాల కుర్చీలో వచ్చేవారికీ, మోకాళ్ల నొప్పులున్న మీ అవ్వకీ సెక్షనే ముందు కావాలి.

రాజమహల్‌కి వద్దాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం వెళ్లి చూశాను. ఎండాకాలం. గోడకు చెయ్యి ఆనిస్తే సున్నపు గార చల్లగా తగిలింది. ఆ గోడల్లో రాయి, ఇటుక, సున్నం తప్ప కలప లేదని అప్పుడే విన్నాను. దూలం లేకుండా మూడంతస్తులు! ఇంజనీరు గారు ‘కమాను చూడమ్మా, అది సోకు కోసం పెట్టింది కాదు, బరువు మోస్తోంది’ అన్నారు. ఈ మాట నీ వర్ణనలో ఉంటే నాకు కమాను కళ్ల ముందు నిలబడుతుంది. ‘సుందరమైన కమానులు’ అంటే నిలబడదు.

ఎదురుగా తీసిన ఫొటోకి నేనైతే ఇలా రాస్తాను: ‘చంద్రగిరి రాజమహల్ ఎదుటి భాగం. మూడంతస్తులు, అంతస్తు అంతస్తుకూ వరసగా కమానులు. మిద్దె మీద గుడి విమానాల్లాంటి శిఖరాలు, నడిమిది అన్నిటికన్నా పెద్దది.’ అంతే. ‘చిత్రం’ అనో ‘ఫొటో’ అనో మొదలుపెట్టక్కర్లేదు, ఆ మాట స్క్రీన్ రీడరే (తెర మీది మాటల్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్) ముందు చెప్తుంది. ఏ మాటా రాయకపోతే అది చాలాసార్లు ఫైలు పేరు చదువుతుంది. ‘ఐ ఎం జి అండర్‌స్కోర్ రెండు సున్నా రెండు నాలుగు’ అంటూ పద్నాలుగు ఫొటోలకీ పద్నాలుగుసార్లు వింటే ఎవరికైనా తల పోటొస్తుంది.

ఆ చిన్న వర్ణన కింద, వివరం కావాలన్నవారి కోసం పెద్దది ఒకటి రాయి. ముందు నడక. పచ్చిక దాటాక కాలి కింద ఏముంది, మట్టా, బండలా? గుమ్మం దాకా మెట్లు ఎన్ని? లెక్కపెట్టి అంకె వెయ్యి, స్కేలు పెట్టి ఒక మెట్టు ఎత్తు కూడా వెయ్యి. పట్టుకోడానికి కమ్మీ ఉందా? లోపల పురావస్తు శాఖ వాళ్ల మ్యూజియం ఉంది కదా, అక్కడిదాకా కుర్చీ వెళ్తుందా, ఏ మెట్టు దగ్గర ఆగిపోతుంది? తరవాత ముఖం. హిందూ, ఇస్లామీ కట్టడాల పద్ధతులు రెండూ కలిసిన విజయనగర నాటి కట్టు అది. కింద కమానులు ఒక పద్ధతి, పైన శిఖరాలు ఇంకో పద్ధతి. ఆ రెండూ ఏ అంతస్తు దగ్గర కలుసుకున్నాయో చూసి రాయి. లోపల నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టు. శబ్దం ఎంతసేపు తిరిగిందో అదీ రాయి. కప్పు ఎత్తు అడుగుల్లో చెప్పినదానికన్నా అదే నాకు బాగా అర్థమవుతుంది.

పద్నాలుగు ఫొటోలకీ ఒకటే పాట పాడకు. ఒక్కో ఫొటో ఎందుకు పెట్టావో నిన్ను నువ్వు అడుగు. గార ఊడి ఇటుక బయటపడ్డ మూల తీసి ఉంటే ఆ మూల గురించే చెప్పు, కోట చరిత్ర మళ్లీ వద్దు. మనిషి నిలబడి ఉంటే కొలతకు వాడుకో: ‘పక్కన నిలబడ్డ కుర్రాడి తల కమానులో సగానికి కూడా రాలేదు’ అంటే ఎత్తు ఎంతో తెలిసిపోతుంది. అంచుల్లో లతలు, డిజైను గీతలు అలంకారానికి పెట్టి ఉంటే వాటికి వర్ణన రాయకుండా, అవి అలంకారమేనని (‘డెకరేటివ్’ అని) గుర్తు పెట్టు. అప్పుడు రీడర్ వాటిని దాటేసి పోతుంది.

డ్రాయింగుల సంగతి ఎవరూ అడగరు, నువ్వు అడిగావు, సంతోషం. ప్లానుకు ‘గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్’ అని రాసి వదిలేయకు. వాకిట్లో నుంచి నన్ను చెయ్యి పట్టుకుని నడిపించినట్టు రాయి. ఒక చిన్న ఇల్లయితే ఇలా: ‘తూర్పు వాకిలి. రెండు మెట్లెక్కితే 4 అడుగుల వెడల్పు పంచ. వాకిలి దాటితే 10 అడుగులకు 12 అడుగుల హాలు. ఎడమ గోడకు వంటింటి తలుపు, ఎదురుగా పడకగది. బాత్రూం పడకగదిలోంచే, హాల్లోంచి దారి లేదు.’ ఈ ఐదు వాక్యాలు చాలు, నేను ఆ ఇంట్లో తిరిగేస్తాను. గదుల పేర్లు మాత్రం వరసగా ఇస్తే తిరగలేను.

ప్రశ్న: మాది చిత్తూరులో ఫంక్షన్ హాలు. నెట్‌లో ఇరవై ఫొటోలు పెట్టాం. వర్ణనలు రాయడానికి అభ్యంతరం లేదు. కానీ మెట్లు, వాలు గురించి రాస్తే బుకింగులు తగ్గుతాయేమో అని మా పార్ట్‌నర్ భయం. చట్టం ఏమైనా ఉందా?
— ఒక హాలు యజమాని

జవాబు: అయ్యా, మా తమ్ముడికి పోలియో, చక్రాల కుర్చీలోనే ఉంటాడు. కొన్నేళ్ల కిందట మా చిన్నాన్న మనవరాలి పెళ్లికి ఒక హాలుకు వెళ్లాం. ఫొటోల కింద ‘విశాలమైన ప్రవేశ ద్వారం’ అని ఉందట. ద్వారం విశాలమే. దాని ముందు పదకొండు మెట్లు. నలుగురు మగవాళ్లు వాణ్ని కుర్చీతో సహా ఎత్తి పైకి చేర్చారు. ముహూర్తం చూశాడు. భోజనాలు కింద సెల్లార్‌లో అన్నారు. మళ్లీ ఎత్తుతామని అందరూ వచ్చారు గానీ వాడు వద్దన్నాడు. పెళ్లి చీరల మధ్య, అంతమంది ముందు, రెండోసారి ఎత్తించుకోలేక వద్దన్నాడు. విస్తరి ఒళ్లో పెట్టుకుని చెప్పుల స్టాండు పక్కన తిన్నాడు. ముందే ‘పదకొండు మెట్లు, భోజనాలు సెల్లార్‌లో, లిఫ్టు లేదు’ అని రాసుంటే మా చిన్నాన్న ఇంకో హాలు చూసుకునేవాడు, లేదా భోజనాలు పైన పెట్టించేవాడు.

మీ పార్ట్‌నర్ గారి భయం నాకు అర్థమైంది. అయినా రాయండి. బుక్ చేసే ప్రతి ఇంట్లోనూ మెట్లెక్కలేని ఒక అవ్వో తాతో ఉంటారు. ఉన్నదున్నట్టు రాసిన హాలుకు వాళ్లు ఫోన్ చేస్తారు.

మీ వాలు గురించి రాసేటప్పుడు పొడవు కూడా రాయండి. లెక్క తేలిక. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు, అంతకన్నా నిటారుగా ఉండకూడదు. మీ హాలు నేల రోడ్డుకన్నా 2 అడుగులు ఎత్తుంటే వాలు 24 అడుగులు రావాలి. పైనా కిందా కుర్చీ తిరిగేంత చదును జాగా వేరే. మన దగ్గర చాలా హాళ్లలో వెనక వైపు ఒక వాలు ఉంటుంది, ఏడెనిమిది అడుగులది. అది గుండిగలు, గ్యాస్ సిలిండర్లు దొర్లించడానికి కట్టింది. దాన్ని వీల్‌చైర్ ర్యాంపు అని రాయకండి, ఎక్కితే కుర్చీ వెనక్కి పడుతుంది. తలుపులు కొలవండి. 900 మిల్లీమీటర్లు, అంటే సుమారు మూడడుగులు ఖాళీ ఉండాలి. బాత్రూంకి రెండున్నర అడుగుల తలుపు పెట్టడం మనకు అలవాటు. ద్వారబంధం పోను ఇంకా తగ్గుతుంది, కుర్చీ పట్టదు.

చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో, జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలు కూడా ప్రజా భవనాల లెక్కలోకే వస్తాయి. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే చాలదు, తప్పనిసరి నిబంధనలు చేయండని కేంద్రానికి మూడు నెలలు గడువు పెట్టింది. అయితే మీరు కోర్టు కోసం కాకుండా మా తమ్ముడి లాంటివాళ్ల కోసం టేపు పట్టుకుంటే నాకు ఇంకా సంతోషం.

ప్రశ్న: మా నాన్నగారిది శ్రీకాళహస్తిలో ఫొటో స్టూడియో. ఆయన 1990లలో తీసిన గాలిగోపురం ఫొటోలు స్కాన్ చేస్తున్నాను. వర్ణన ఎలా రాయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: తల్లీ, మీ దగ్గర ఉన్నది చాలా విలువైన వస్తువు. ఏ గోపురమో మొదటి వాక్యంలోనే చెప్పండి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించినది 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడున్నది కొత్తగా కట్టి 2017లో ప్రారంభించింది. చూపున్నవాళ్లు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని తేడా పట్టుకుంటారు. మాకు ‘శ్రీకాళహస్తి గోపురం’ అని వినిపిస్తే రెండూ ఒకటే అయిపోతాయి. ఫొటోలో నిలువు పగులు కనిపిస్తే ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయిందో రాయండి. మొక్కలు మొలిచి ఉంటే ఏ అంతస్తులోనో రాయండి. గోపురం కింద పూలమ్మేవాళ్లు, అంగళ్లు, అప్పటి బోర్డులు ఉంటే అవీ వదలకండి. నాన్నగారు ఎక్కడ నిలబడి తీశారో ఆయన్నే అడిగి ఒక వాక్యం చేర్చండి. ఆ గోపురాన్ని నేను చూపుండగా చూశాను. మీ వర్ణనలు పూర్తయితే నాకు పంపాలి.

ప్రశ్న: మా బళ్లో నాలుగో తరగతిలో పుట్టుకతో చూపులేని పాప ఉంది. పాఠంలో గోపురం బొమ్మ వచ్చింది. ‘గోపురం అంటే ఎట్లుంటాది టీచర్’ అని అడిగింది. ‘ఎత్తుగా ఉంటాది’ అన్నాను. నాకే తృప్తి లేదు. రంగుల గురించి చెప్పవచ్చా?
— ఒక టీచర్, పలమనేరు

జవాబు: టీచర్ గారూ, ‘ఎత్తు’ అనే మాట ఆ పాప చేతికి అందదు. ఇంట్లోంచి డబ్బాలు తెప్పించండి, ఏడు, పెద్దదాని మీద దానికన్నా చిన్నది. ఒకదాని మీద ఒకటి పేర్చి పాప రెండు అరచేతులూ రెండు పక్కలా పెట్టించి కింద నుంచి పైకి జరిపించండి. చేతులు ఒకదానికొకటి దగ్గరవుతూ పోతాయి. గోపురం అంటే అదే. తిరుపతి గోవిందరాజస్వామి గుడి ముందు మట్ల అనంతరాజు కట్టించిన గోపురం సరిగ్గా ఇలా ఏడంతస్తులు, పైన పదకొండు కలశాలు. కలశాలకు చిన్న చెంబులు బోర్లించండి. అడుగు డబ్బాకు మధ్యలో దారి కోసి పాప వేళ్లు దూరనివ్వండి. గోపురంలోంచే మనుషులు నడిచిపోతారన్న సంగతి చాలామంది మా పిల్లలకు తెలియదు. గోడలాంటిదనుకుంటారు. నిజం గోపురం దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఆ దారిలో నడిపించండి. బయట ఎండ, లోపల ఒక్కసారిగా చల్లన, మాటలు గుయ్‌మంటాయి, మళ్లీ ఎండ. కింది భాగం రాయి, అది చేత్తో తాకవచ్చు. పైదంతా ఇటుక, సున్నం, బొమ్మలు. అది మీరు మాటల్లో చెప్పాలి.

రంగులు తప్పకుండా చెప్పండి. చూడకపోయినా రంగు పేర్లు ఆ పాప లోకంలో ఉన్నాయి. వాళ్లమ్మ చీర ఎర్రదని తనకు తెలుసు. బొమ్మలకు రంగులున్నాయని మీరు దాచిపెడితే, తోటి పిల్లలు మాట్లాడుకునేటప్పుడు తను ఒక్కతే పక్కకు పోతుంది.

ప్రశ్న: ఇప్పుడు ఫోనే ఫొటో చూసి చెప్పేస్తోంది కదా. మనం రాయడం ఎందుకు?
— ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: నేనూ రోజూ వాడుతున్నాను, మేలే జరుగుతోంది. ‘ఒక భవనం, మెట్లు, ఆకాశం’ అంటుంది. ఎన్ని మెట్లు అంటే ఒకసారి ఆరు, ఇంకోసారి ఎనిమిది. కూరగాయల బజారు ఫొటోకు ఆ తేడా పరవాలేదు. మెట్ల దగ్గర ఆ తేడాకు కాలు విరుగుతుంది. మీరు అక్కడ నిలబడ్డారు, లెక్కపెట్టగలరు.

ప్రశ్న: వర్ణన ఎక్కడ రాయాలో తెలియడం లేదమ్మా. నాకు వర్డు, వాట్సాప్ తప్ప రావు.
— రిటైర్డు ఉపాధ్యాయుడు, పుత్తూరు

జవాబు: మాస్టారూ, ఆ రెండూ చాలు. వర్డులో ఫొటో మీద మౌసు కుడి బటన్ నొక్కితే వచ్చే వరసలో ‘ఆల్ట్ టెక్స్ట్’ అని ఉంటుంది. అది తెరిచి ఆ గడిలో తెలుగులోనే రాయండి, రీడర్లు తెలుగు చదువుతాయి. వాట్సాప్‌లో పంపే ముందు ఫొటో కింద మాటలు రాసే చోటు ఉంటుంది, అందులో రాయండి. ఆహ్వాన పత్రికను ఫొటో తీసి పంపితే మాకు అక్షరం కూడా వినిపించకపోవచ్చు, కాబట్టి ముహూర్తం, హాలు పేరు, ఊరు కూడా అక్కడే టైపు చేయండి. చివర్లో హాలుకు ఎన్ని మెట్లో ఒక అంకె.